కొయ్య తలకు ముఖం రాసే నకాశీలు

మనలో రెవెన్యూ శాఖలో పనిచేసిన వారికి 'నక్ష' అనే మాట కొత్త కాదు. పట్వారీ దఫ్తరంలో గ్రామ నక్షకు ఎంత విలువ ఉండేదో మీకు తెలియనిది కాదు. ఆ మాట పుట్టిన అరబ్బీ ధాతువు నుంచే 'నక్కాష్', అంటే చిత్రించేవాడు, అనే మాటా వచ్చింది. అదే మన నోళ్ళలో నకాశీ అయి, ఒక వృత్తివారి పేరుగా నిలిచింది. బీదరు సరిహద్దున ఉన్న మా న్యాల్‌కల్ వైపు తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ కలగలిసి వినిపిస్తాయి కనుక ఇలాంటి మాటల చుట్టరికాలు మాకు తొందరగానే దొరుకుతాయి.

నకాశీలలో చేర్యాల వారు ప్రసిద్ధులు. చేర్యాల ఇదివరకు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది. వీరు కులపురాణాలు చెప్పే కథకులకు గుడ్డ మీద పటాలు, కొయ్యతో బొమ్మలు చేసి ఇచ్చేవారు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు పటం విప్పుతారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు బొమ్మలను పెట్టెలోంచి తీసి చూపుతూ కథ నడుపుతారు. ఆ కథలో కాటమరాజుకూ నెల్లూరు నల్లసిద్ధికీ యుద్ధం వచ్చింది పశువుల మేత పన్ను అయిన పుల్లరి దగ్గరే. పన్ను బకాయి ఎంత దూరం పోగలదో మనకు వేరే చెప్పాలా!

ఇక ముఖం సంగతి. బొమ్మకు తెల్ల పొనికి కర్ర వాడతారు. అది తేలికైనది, మెత్తగా చెక్కుడు పడుతుంది. అయితే ముక్కు కొన, పెదవి, చెవి వంటివన్నీ ఉలితోనే తీయరు. చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో పైన దిద్దుతారు. ఆరిన తరువాత సుద్దపూత. ఇది సరిగా నునుపు తేలకపోతే మీద వేసిన గీత వణుకుతుంది. పూర్వం దీపపు మసితో నలుపు, ఇంగిలీకంతో ఎరుపు, నీలిమందుతో నీలం తయారు చేసుకునేవారు. కుంచె ఉడుత వెంట్రుకలది. దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు, మనుషులకు గులాబీ ఛాయ. పెద్ద కళ్ళు, వాటి చుట్టూ నల్లని గీత. మగవాడికి మీసం, తలపాగా; ఆడమనిషికి పెద్ద బొట్టు, ముక్కుపుడక.

ఇవి మనిషిని అచ్చుగుద్దినట్లు ఉండవని కొందరు పెదవి విరుస్తారు. అచ్చు పోలికే కావాలంటే నిర్మల్ వారి పండ్లు, పక్షులు చూడండి. చెట్టు మీది నుంచి తెంపినట్లే ఉంటాయి. కానీ రాత్రివేళ దీపం వెలుగులో, నలభై అడుగుల దూరాన చాప మీద కూర్చున్న ముసలమ్మ 'అదిగో ఫలానావాడు' అని గుర్తుపట్టాలంటే బుగ్గ మీది ముడత పనికిరాదు, కన్నూ మీసమే పనికివస్తాయి. నా దృష్టిలో అదే అసలైన పోలిక. పైగా బొమ్మ ఎలా ఉండాలో కథకుడికి తెలుసు. ముఖం తప్పితే సరుకు తీసుకోడు.

సినిమా, ఆ తరువాత టీవీ వచ్చి కథ వినేవారు తగ్గారు. కథకులు తగ్గారు, ఆర్డర్లూ తగ్గాయి. నిర్మల్‌లో 1955లోనే సహకార సంఘం ఏర్పడి కొంత ఆదుకుంది. చేర్యాలలో మిగిలినవి కొద్ది కుటుంబాలే. జాతీయ పురస్కారం అందుకున్న ధనాలకోట వైకుంఠం గారి కుటుంబం ఈ పని నిలబెట్టింది. కొబ్బరి చిప్పల మీద చిన్న ముఖాలు చేసి గోడకు తగిలించుకునే వారికి అమ్మడం అలా మొదలైన బతుకుతెరువే. 2010 నాటికి నిర్మల్, చేర్యాల పనులు రెండింటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అది పేరును కాపాడుతుంది, పొనికి చెట్టునూ కథకుణ్ణీ కాపాడదు. గోడకు తగిలించేవాడు మీసం బాగుందా అని చూస్తాడు, అది ఎవరి మీసమో అడగడు. అడిగేవాడు లేనప్పుడు ముఖాలన్నీ ఒకే ముఖం అవుతాయి.

మన సభ్యుల ఊళ్ళలో ఏ మందహెచ్చుల ఇంటనైనా పాత బొమ్మల పెట్టె ఉంటే, పెద్దవారుండగానే ఏ బొమ్మ ఎవరిదో అడిగి, పేర్లు వరుసగా కాగితం మీద రాయించి, సంఘ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. పెన్షన్ పని మీద వచ్చినప్పుడు చేతికిచ్చినా సరే.