చిగుళ్ళ వాపు – నోటి సూక్ష్మజీవులు

సామల్పట్టి జోలార్‌పేట–సేలము రైలుమార్గమునందలి యూరు. 2004లో నేర్పడిన కృష్ణగిరి జిల్లాలోనిది. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న సీమ యిది. పండ్లు తోముకొనునపుడు చిగుళ్ళనుండి నెత్తురు వచ్చినచో వేడిచేసినదనుట తెలుగిండ్ల వాడుక. నొప్పి యుండదు గనుక వైద్యుని చూడరు. పైగా నెత్తురు వచ్చుచున్నదని తోముటయే తగ్గింతురు. అది యెంతటి పొరపాటో ఈ రోగముయొక్క చరిత్ర చెప్పును.

సుశ్రుతుడు చిగుళ్ళ రోగములను 15 విధములుగా నెన్నెను. చిగుళ్ళు నెత్తురోడి, దుర్గంధముతో మెత్తబడుట శీతాదము. చీము నెత్తురు కారి పండ్లు కదలుట దంతవేష్టము. ఈ వర్ణనము నేటికిని చెల్లును. కారణమును మాత్రమాతడు దోషములయందు వెదకెను.

1683లో డెల్ఫ్టు నగరవాసియగు లీవెన్‌హుక్ తన పంటి పాచిని సూక్ష్మదర్శినితో చూచి, అందు కదలాడు జీవులను గూర్చి లండను రాయల్ సొసైటీకి వ్రాసెను. తన నోటిలోని జీవులు తన దేశప్రజలకంటె నెక్కువ యని యాతని యంచనా. అయినను ఆ జీవులే చిగుళ్ళ వాపునకు మూలమని మనుష్యులయందు రుజువగుటకు మఱి 280 యేండ్లకు పైగా పట్టెను. 1965లో డెన్మార్కునందలి ఆర్‌హుస్‌లో హరాల్డ్ లోయె మొదలగువారు ఆరోగ్యవంతులైన 12 మందిచేత పండ్లు తోముట మాన్పించిరి. 10 మొదలు 21 దినములలో నందఱికిని చిగుళ్ళు వాచెను. మరల తోముట మొదలిడగా ఇంచుమించు వారము దినములలో వాపు తీసెను. మందు లేదు, పథ్యము లేదు.

పాచిలోని బాక్టీరియాలు విడుచు పదార్థములు చిగుళ్ళలోనికి చొచ్చినపుడు రక్తనాళములు వెడల్పగును. తెల్లకణములు వచ్చి చేరును. ఎఱుపు, వాపు, నెత్తురు ఈ పోరాటపు గుర్తులే. పోరు తెగక సాగెనా, ఆ కణములు వెలువరించు రసములే చిగుళ్ళ నారను కరగించును. పంటిని పట్టియున్న యెముకయు నరుగును. కావున సూక్ష్మజీవి నిప్పు పెట్టును గాని, ఇల్లు కాలుట చాలవఱకు దేహముయొక్క చేతిమీదుగనే జరుగును.

దీనికి గట్టి సాక్ష్యము సింహళములో దొరకెను. దంతవైద్య మెఱుగని 480 మంది తేయాకు తోటల కార్మికులను లోయె బృందము 1970 మొదలు పరిశీలించి, ఫలితములను 1986లో ప్రకటించెను. అందఱి పండ్లకును పాచి, గార సమృద్ధిగానే యున్నవి. కాని నూటికి 8 మందికి మాత్రమే రోగము వేగముగా ముదిరెను. 81 మందికి మందగతిని సాగెను. 11 మందికి వాపును దాటి పోలేదు. 2011లో ఎలుకలపై జరిగిన పరిశోధనమున పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అను బాక్టీరియా కొద్దిపాటి సంఖ్యలోనే యుండి, తక్కిన నోటి జీవుల పొందికను చెఱచుచున్నట్లు తేలెను. వాచిన చిగుళ్ళనుండి స్రవించు నెత్తురే యీ జీవికి ఆహారము. వాపు దానిని చంపకపోగా పోషించుచున్నదన్నమాట!

పాచి వేపపుల్లకు లొంగును. గట్టిపడి గారయైన పిమ్మట లొంగదు. దానిని దంతవైద్యుడే గీసి తీయవలయును. గార తీయించిన పండ్లు వదులగునను భయము జనులలో కలదు. అంతకుముందే యెముక యరిగియుండుటవలన, వాపు తీసి గార యాసరా తొలగగానే ఆ వదులు బయటపడును. గీయుటవలన క్రొత్తగా వచ్చినది కాదు.