మతిమరపు వ్యాధి: పరిచర్య నడిచిన దారి

భోజనం ముగిసి పావుగంట కాకముందే “నాకింకా అన్నం పెట్టలేదేమి?” అని అడిగే తాతగారు కొందరి ఇండ్లలో ఉంటారు. “పెద్దతనం, చాదస్తం” అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. ఈ మాట వెనుక ఒక పొరపాటు దాగి ఉన్నది. దానిని దిద్దుకొనుటకు వైద్యలోకానికే డెబ్బది ఏండ్లు పట్టినది.

జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, పనులు చేసుకునే నేర్పు క్రమంగా క్షీణించే స్థితిని డిమెన్షియా అంటారు. దాని కారణాలలో ప్రధానమైనది ఆల్జైమర్ వ్యాధి.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయానికి ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని తీసుకొనివచ్చినారు. డాక్టర్ అలోయిస్ ఆల్జైమర్ ఆమెను పరీక్షించినాడు. కాలీఫ్లవరు, పందిమాంసం తింటూ ఉండగా ఏమి తింటున్నావని అడిగితే, పాలకూర అన్నది. తన పేరు సైతం పూర్తిగా వ్రాయలేకపోయినది. తన్ను తాను పోగొట్టుకున్నానని చెప్పినది.

రోగులను కట్టివేయుట సామాన్యమైన ఆ రోజులలో, ఆ చికిత్సాలయాధిపతి ఎమిల్ సియోలీ, ఆల్జైమర్ బంధనాలను తగ్గించి, గోరువెచ్చని నీటి స్నానాలతో రోగులను శాంతపరచేవారు. మందు లేదు; ఆదరణ ఒక్కటే ఉన్నది.

1906లో ఆమె మరణించినది. అప్పటికి మ్యూనిక్‌లో ఉన్న ఆల్జైమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించినాడు. నాడీకణాల నడుమ మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారపు పోగులవంటివి కనిపించినవి. ఆ నవంబరులో ట్యూబింగెన్ వైద్యసభలో ఈ సంగతి వివరించగా ఒక్కరైనా ప్రశ్న వేయలేదు.

1910లో క్రేపెలిన్ తన గ్రంథంలో దీనికి ఆల్జైమర్ పేరు పెట్టినాడు. కాని ఇది ముసలితనానికి ముందే వచ్చే అరుదైన వ్యాధిగా లెక్కకు వచ్చినది. వృద్ధులకు అవే లక్షణాలు కలిగితే వయస్సు ప్రభావమనో, రక్తనాళాలు గట్టిపడినవనో అన్నారు. వ్యాధి అని పేరు పడనిచోట పరిశోధన సాగదు, కుటుంబానికి ఆసరా దొరకదు.

1968లో ఇంగ్లండులోని న్యూకాసిల్ శాస్త్రజ్ఞులు బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ మరణించిన వృద్ధుల మెదళ్ళలో అవే మచ్చలను చూపినారు. మచ్చలు హెచ్చిన కొలది మతి క్షీణత కూడ హెచ్చుగా ఉన్నదని తేల్చినారు. 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ రెండును ఒకే వ్యాధి అని వాదించినాడు. అటుపిమ్మట రోగుల కుటుంబాలు సంఘటితమైనవి: 1980లో అమెరికాలో ఒక సంఘం, 1984లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినవి. 1992లో కేరళలో డాక్టర్ జేకబ్ రాయ్ పూనికతో భారతదేశానికొక సంస్థ వెలసినది. 1997లో ఇంగ్లండు పండితుడు టామ్ కిట్‌వుడ్, రోగం కంటె ముందు మనిషిని చూడవలెనని తన గ్రంథంలో బోధించినాడు.

2023లో ప్రకటితమైన అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉన్నది. ఆల్జైమర్ వ్యాధిని పూర్తిగా నయం చేయు మందు ఇంకను రాలేదు. అయితే థైరాయిడ్ లోపం, బి12 విటమిను లోపం వంటి కారణాలవల్ల కలిగే మతిమరపును చికిత్సతో చక్కబరచవచ్చును. కనుక “చాదస్తం” అని వదలక ముందుగా వైద్యునికి చూపవలెను. తక్కినది ఇంటిలోని పని: ప్రతిదినం ఒకే వేళకు స్నానం, భోజనం, పెద్ద అక్షరాల క్యాలెండరు, చిరకాలంగా పరిచయమైన వస్తువులు కంటి ఎదుట ఉండుట, వాదించక మెల్లగా బదులిచ్చుట. సేవచేసే వ్యక్తికి సైతం విశ్రాంతి కావలెను. ఆ భారాన్ని ఇంటిల్లిపాది పంచుకోవలెను.

విద్యార్థులారా! తాతగారు అదే ప్రశ్న పదియవసారి అడిగితే, ఆయనకు అది మొదటిసారే అని గుర్తుంచుకొనండి.