కృత్రిమోపగ్రహ ప్రయోగములు - అనుమతి శాసనముల చరిత్ర

విశ్వామిత్ర మహర్షి త్రిశంకు మహారాజును బొందితో స్వర్గమునకు పంపెను. ఇంద్రుడు అంగీకరింపలేదు. ఆ రాజు తలక్రిందులై నడుమనే నిలిచిపోయెను. పురాణగాథ యైనను, పంపగల శక్తి వేరు, పంపుటకు అధికారము వేరు అను భేదమును ఇది చక్కగా తెలుపుచున్నది. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా స్పుత్నిక్ అను కృత్రిమోపగ్రహమును భూకక్ష్యలో నిలిపినప్పుడు మానవునకు ఆ శక్తి చేకూరెను. అధికార మెవరిది, ఆపద వాటిల్లినచో జవాబుదారి యెవరు అను ప్రశ్నలు తేలుటకు మాత్రము దీర్ఘకాలము పట్టెను.

తొలినాళ్లలో ఈ ప్రయోగములను చేసినవి ప్రభుత్వములే. అయినను దూరదృష్టితో రాజ్యములు 1967లో అంతరిక్ష ఒడంబడికను చేసికొనెను. దాని ఆరవ అధికరణము ప్రకారము ప్రైవేటు సంస్థలు అంతరిక్షమున చేయు కార్యములకు సయితము వాని ప్రభుత్వమే బాధ్యత వహింపవలెను. అట్టి కార్యములకు అనుమతి నిచ్చి, ఎడతెగక కనిపెట్టుచుండవలెను. నేటి లైసెన్సు విధానములకు మూలకందము ఇదియే. 1972 నాటి బాధ్యతా ఒడంబడిక ఇంకొక అడుగు ముందునకు వేసెను. భూమిపై గాని, ఎగురుచున్న విమానమునకు గాని నష్టము కలిగినచో, తప్పెవరిదను విచారణతో పనిలేకయే ప్రయోగించిన రాజ్యము పరిహారమీయవలెనని శాసించెను. 1978 జనవరిలో అణుశక్తి గల కాస్మాస్ 954 అను సోవియట్ ఉపగ్రహము కెనడా ఉత్తర ప్రాంతమున కూలెను. కెనడా 60 లక్షల డాలర్లకు పైగా కోరగా, 1981లో 30 లక్షల కెనడా డాలర్లకు రాజీ కుదిరెను.

వర్తకులు ఈ రంగమున అడుగిడిన పిమ్మట చిక్కులు హెచ్చెను. 1982 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో స్పేస్ సర్వీసెస్ అను సంస్థ టెక్సాస్ తీరమందలి మాటగోర్డా ద్వీపము నుండి కానెస్టోగా అను రాకెట్టును ఎగురవైచెను. ప్రైవేటు ధనముతో అంతరిక్షమును చేరిన మొదటి రాకెట్టు అదియే. ఇట్టి ప్రయోగమునకు అనుమతి నిచ్చు ప్రత్యేక శాఖ నాడు ఆ దేశమున లేదు. సంస్థవారు పెక్కు కార్యాలయముల గడపలు త్రొక్కవలసి వచ్చెను. రాకెట్టు దేశపు ఎల్లలు దాటుచున్నది కావున అది ఆయుధముల ఎగుమతి వంటిదని యెంచి, విదేశాంగ శాఖ నుండి ఎగుమతి లైసెన్సును సయితము పొందవలసి వచ్చెను!

ఈ గందరగోళమును తొలగించుటకై 1984 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో వాణిజ్య అంతరిక్ష ప్రయోగ చట్టము వెలువడెను. లైసెన్సు నిచ్చు అధికారము రవాణా శాఖకు దక్కెను. 1986లో ఛాలెంజర్ నౌక కూలిన పిమ్మట, ప్రభుత్వ నౌకలలో వర్తకుల ఉపగ్రహములను పంపుట చాలవరకు నిలిపివేయబడెను; ప్రైవేటు రాకెట్లకు గిరాకీ కలిగెను. 1988 నాటి సవరణ నష్టపు లెక్కను తేల్చెను. ఇతరులకు కలుగగల నష్టమునకై లైసెన్సుదారు అంచనా మేరకు, 50 కోట్ల డాలర్లకు మించకుండ, బీమా చేయవలెను. ఆపై నష్టమును 150 కోట్ల డాలర్ల వరకు ప్రభుత్వము భరింపవచ్చును. లాభము వర్తకునికి, పెనునష్టము ప్రజల ఖజానాకు అగుట న్యాయమా యని ఎవరైన అడుగవచ్చును. ఒడంబడికచే ప్రభుత్వము ముందే కట్టుబడి యున్నదనుట ఇందుకు సమాధానము. అందువలననే ప్రయోగమునకు ముందు పరీక్షించి అనుమతి నిచ్చుట దానికి హక్కే కాక ఆత్మరక్షణయు నగుచున్నది. 1989 ఆగస్టులో ఈ చట్టపు లైసెన్సుతో తొలిసారి ఒక ఉపగ్రహము కక్ష్య చేరెను. అది బ్రిటిష్ టెలివిజన్ ఉపగ్రహము. దానిని మోసినది డెల్టా రాకెట్టు.

ఈ చరిత్రలో తెలుగు గడ్డకును చోటు కలదు. 2018 జనవరి 12వ తేదీన శ్రీహరికోట నుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 31 ఉపగ్రహములను మోసికొని పోయెను. వానిలో నాలుగు అమెరికాకు చెందిన స్వార్మ్ టెక్నాలజీస్ వారివి. ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల చదరము, 2.8 సెంటీమీటర్ల మందము మాత్రమే. ఇంత చిన్నవానిని భూమి నుండి కనిపెట్టుట కష్టమని ఆ దేశపు ప్రసార నియంత్రణ సంఘము అంతకుముందే అనుమతి నిరాకరించి యుండెను. ఆ సంగతి పిదప బయటపడగా, ఆ సంస్థ 9 లక్షల డాలర్లు దండుగ చెల్లించెను.

భారతదేశమున ప్రైవేటు సంస్థలకు అనుమతి నిచ్చుటకై 2020లో ఇన్-స్పేస్ అను సంస్థ ప్రకటింపబడెను. దాని అనుమతితో 2022 నవంబరు 18వ తేదీన హైదరాబాదు నగరపు స్కైరూట్ వారి విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోట నుండి ఎగసెను. 2023లో భారత అంతరిక్ష విధానము వెలువడెను. అయితే విధానము వేరు, శాసనసభ చేసిన చట్టము వేరు.

ఈ భేదము స్వల్పమైనది కాదు. 1972 ఒడంబడిక పరదేశీయులకే వర్తించును. ప్రయోగించిన రాజ్యపు స్వంత పౌరులకు వర్తింపదని అందే స్పష్టముగా వ్రాయబడినది. కావున రాకెట్టు శకలము కెనడాలో పడినచో కెనడా దావా వేయగలదు. ప్రయోగ దినమున వేట మానుకొని ఒడ్డున వేచియుండు పులికాటు ప్రాంతపు జాలరికి అట్టి నష్టము కలిగినచో, ఆతని ఆధారము ఆ ఒడంబడిక కాదు, స్వదేశ శాసనము మాత్రమే. బీమా యెంత, అర్జీ యెవరికి, పరిహార మెన్నాళ్లకు అను మూడు ప్రశ్నలకు చట్టమున స్పష్టమైన పంక్తి యుండవలెను. లైసెన్సు వర్తకునకు అడ్డుగోడ కాదు. దిగువ నున్న సామాన్యునకు జవాబుదారి పేరు వ్రాసియిచ్చిన పత్రము. గ్రంథాలయములలో పురాణములతో పాటు శాసనములను గూడ చదువు ప్రజలున్నచోట ఆ పత్రము వట్టి కాగితముగా మిగిలిపోదు.