పాదతాళం, యంత్రతాళం

పాటకు, మనిషి అడుగుకు గల బంధం వాద్యాలన్నిటికంటె ప్రాచీనమైనది. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల బృందంలో రొమ్ముపై రేకు తప్పెట మోగుతూంటే కాలి గజ్జె దానికి బదులు పలుకుతుంది. గ్రేట్ అండమానీయుల నృత్యరంగంలోనైతే తాళభారమంతా ఒక చెక్కపలక మోసేది. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ దీవులలో అధికారిగా పనిచేసిన ఇ. హెచ్. మాన్ దానిని సవివరంగా వర్ణించాడు. డాలు ఆకారంలో పడౌక్ మానుతో మలచిన ఆ పలక మొనను నేలకానించి, గాయకుడు ఒక పాదంతో దానిని అదిమిపట్టి, రెండవ పాదంతో మోదేవాడు. ఆ మోతపైనే నర్తకుల అడుగులు, స్త్రీల వంతపాట నడిచేవి. ఛందస్సు కోసం మాటలను ఎంతగా విరిచేవారంటే, పాట కట్టినవాడే దాని అర్థాన్ని శ్రోతలకు వివరించవలసి వచ్చేదట! ఎం. వి. పోర్ట్‌మన్ 1888లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అండమాన్ సంగీతంపై ప్రత్యేక వ్యాసమే ప్రకటించాడు.

అయితే వాద్యంకంటె విశేషమైనది పాటపై వారికున్న హక్కు భావన. 1906-08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో వెలువరించిన గ్రంథంలో దీనిని నమోదు చేశాడు. ప్రతి పురుషుడూ తన పాటలు తానే కట్టుకొనేవాడు. విల్లు చెక్కుతూనో, దోనె నడుపుతూనో లోలోపల కూనిరాగం తీస్తూ, తృప్తి కలిగేదాకా దానిని సవరించుకొనేవాడు. వంతపాటను ఒకరిద్దరు స్త్రీలకు నేర్పి, నృత్యవేళ కోసం వేచి ఉండేవాడు. ఒకరు కట్టిన పాటను మరొకరు నృత్యసభలో పాడేవారు కారు. లిపిలేని సమాజంలో, ఏ శాసనమూ లేకుండా, గ్రంథస్వామ్యం ఇంత నిష్ఠగా పాటింపబడినదంటే ఆశ్చర్యం కలుగక మానదు.

ఇక సముద్రాల కావలి మాట. 1992లో జర్మనీకి చెందిన 'యు 96' బృందం తన తొలి స్టూడియో ఆల్బమ్ 'డాస్ బూట్'ను విడుదల చేసింది. ఆ మాటకు 'పడవ' అని అర్థం. హాంబర్గ్ నగరపు డీజే అలెక్స్ క్రిస్టెన్సెన్ ఈ బృందంలో ప్రముఖుడు. బృందం పేరు రెండవ ప్రపంచ యుద్ధకాలపు జలాంతర్గామిది. 1941లో యుద్ధ విలేకరిగా అందులో పయనించిన బుక్‌హైమ్ 1973లో నవల రాయగా, 1981లో అది చలనచిత్రమైంది. క్లౌస్ డోల్డింగర్ ఆ చిత్రానికి కూర్చిన బాణీని ఈ యువకులు కంప్యూటర్ తాళంపైకి ఎక్కించారు. శీర్షిక గీతం జర్మనీలో అగ్రస్థానమందుకొన్నది. ఈ యుద్ధస్మృతి అండమాన్ వాసులకు మరీ పరాయిది కాదు. 1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు ఈ దీవులు జపాను ఆక్రమణలో ఉన్నాయి. 1943 నుండి జర్మన్ జలాంతర్గాములు పెనాంగ్ స్థావరంగా హిందూ మహాసముద్రంలో సంచరించాయి.

టెక్నో సంగీతంలో మోత మారదు. యంత్రం అలసిపోదు కనుక గంటల తరబడి అదే అడుగు. చెక్కపలకపై పడే పాదమూ నర్తకులకు అటువంటి ఆధారమే. అయితే పాదానికి యజమాని ఉన్నాడు, అతనికి ఊపిరి ఉంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం ఉచితం కాదు.

ఎరువు తెచ్చుకొన్న ధ్వని ఎవరిదన్న ప్రశ్న మాత్రం రెంటికీ ఉమ్మడిది. డోల్డింగర్ పేరున్న స్వరకర్త. ఆయన బాణీ ఎవరిదో లోకానికి తెలుసు. జర్మనీలోనే రూపొందిన 'ఎనిగ్మా' వారి 1993 నాటి గీతం 'రిటర్న్ టు ఇన్నొసెన్స్' సంగతి వేరు. అందులో వినవచ్చే కంఠాలు తైవాన్‌లోని అమిస్ తెగకు చెందిన డిఫాంగ్, ఆయన భార్య ఇగేలవి. ఐరోపా పర్యటనలో వారి గానాన్ని ధ్వనిముద్రణ చేశారు. ఆ ముద్రణే వారి ప్రమేయం లేకుండా ప్రపంచమంతా మారుమోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారానికి సైతం ఉపకరించింది. వృద్ధ దంపతులు 1998లో న్యాయస్థానాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. మరుసటి ఏడు రాజీ కుదిరింది.

మన దేశంలో ప్రదర్శకుల హక్కును 1994 సవరణ ద్వారా కాపీరైటు చట్టంలో చేర్చారు. ఆ హక్కుకు కాలపరిమితి ఉన్నది. మనిషి పోయినా పాట అతనిదే అనుకొనే జాతికి ఈ లెక్క ఎట్లా పొసగుతుంది? ధ్వని భాండాగారాలను నిర్వహించే అధికారులు ముద్రణ ప్రతిపై గాయకుని పేరుతో పాటు, అతడు ఏ మేరకు అనుమతి ఇచ్చాడో కూడా రాయించి ఉంచడం అవసరం. పేరులేని నాదం ఎవరి యంత్రంలోకైనా సులువుగా దూరిపోతుంది.

2010 జనవరిలో బోవా సీనియర్ కన్నుమూసింది. 'అకా-బో' భాష మాట్లాడే చివరి వ్యక్తి ఆమె. అప్పటికి ఆమె వయస్సు సుమారు 85 ఏళ్లు. భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను ముద్రించి ఉంచినందున ఆ కంఠం నేటికీ వినవస్తున్నది. ఆ భాషలో ఆమెకు వంతపాడేవారు మాత్రం ఆమె చివరి రోజులనాటికే లేరు.