అసంపూర్ణ కృతి

1933వ సంవత్సరమున వియన్నా నగరమున జర్మను భాషలో తీయబడిన యొక సంగీతపు టాకీని గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని. దాని పేరు 'లైజె ఫ్లేహెన్ మైనె లీడర్'. నా పాటలు మెల్లగా వేడుకొనుచున్నవని దాని భావము. బొమ్మలు మాటలాడ నేర్చి అప్పటికి కొలది యేండ్లే యైనది. నటుడుగా పేరొందిన విల్లీ ఫోర్స్ట్ దర్శకత్వము వహించిన తొలి చిత్రమిది. ఇందు హాన్స్ యారై సంగీతకర్తయగు ఫ్రాంజ్ షూబర్టు వేషమును ధరించెను. ప్రభుపుత్రిక కరోలినాగా మార్తా ఎగ్గెర్ట్ అను గాయని నటించెను.

షూబర్టు 1797లో వియన్నాలో బడిపంతులు ఇంట జన్మించి, 1828లో ముప్పదియొకటవ యేటనే మరణించెను. ఆ కొద్దికాలములో ఆరువందలకు పైగా పాటలు రచించెను. 1822లో ఆతడొక సింఫనీ నారంభించెను. సింఫనీ యనగా పెక్కు వాద్యములు కూడి వాయించు పెద్ద కృతి. సామాన్యముగా నాలుగు భాగములుండును. షూబర్టు రెండు భాగములు ముగించి, మూడవదానిని కొంత వ్రాసి విడిచెను. ఎందుకు విడిచెను?

దీనికి చిత్రము చెప్పు సమాధానమిది. పేద షూబర్టు ప్రభువు కూతురికి సంగీతము నేర్పుచు ఆమెను ప్రేమించెను. తండ్రి ఆమెను వేరొకనికిచ్చి పెండ్లి చేసెను. అంతట షూబర్టు తన కృతిలోని చివరి పుటలు చింపివేసి, తన ప్రేమవలెనే దానికిని ముగింపు లేదని వ్రాసెను. ఈ కథ విన్నప్పుడు నా మనస్సు కరగినది, నిజమే యనుకొంటిని.

కాని చరిత్ర వేరు. షూబర్టు 1818లోను, 1824లోను హంగెరీ ప్రభువగు ఎస్టర్‌హాజీ కుమార్తెలకు సంగీతము నేర్పిన మాట నిజము. తన కడపటి సంవత్సరమున నొక కృతిని కరోలినాకు అంకితము చేసిన మాటయు నిజము. కాని ఆమె వివాహమైనది 1844లో. అప్పటికి షూబర్టు గతించి పదునారేండ్లు. పెండ్లినాటి కలతచే సింఫనీ ఆగెననుట ఎట్లు పొసగును? అది ఎందుకాగెనో చెప్పు ఆధారమేదియు లేదు.

నిజముగా దుఃఖింపవలసినది వేరొకటి కలదు. షూబర్టు 1823లో ఆ వ్రాతప్రతిని హ్యూటెన్‌బ్రెన్నరు అను మిత్రున కొసగెను. ఆతడు దానిని నలుబదియేండ్లకు పైగా ఇంటనే దాచెను. 1865లో హెర్బెక్ అను వాద్యబృంద నాయకుడు వెదకికొని పోయి దానిని వెలికి తెచ్చెను. ఆ యేట డిసెంబరు 17న వియన్నాలో అది మొదటిసారి వినబడెను. రచించినవాడు మాత్రము దానిని ఒక్కనాడైనను చెవులార వినలేదు.

చిత్రమును నేను నిందింపను. అది షూబర్టు పాటలను లక్షలాది జనుల చెవి సోకించెను. 1934లో ఆంగ్లములోను ఆ కథను మరల చిత్రించిరి. అయినను, ప్రేమచే పుటలు చినిగెనను కల్పితకథ నిలిచి, పెట్టెలో మ్రగ్గిన ప్రతి కథ మరుగుపడినది. మొదటిది వినుటకు తీయన. రెండవది మనకు బుద్ధి గరపును.

పెద్దలారా! మీ యిండ్ల అటకలమీదను తాతలనాటి తాటియాకు కట్టలుండవచ్చును. అందేమి యున్నదో చదివించి చూడుడు. హెర్బెక్ వంటివాడు ప్రతి గడపకును రాడు.