నిషేధించిన మందు, ఎగుమతైన ప్రమాదం: డి.బి.సి.పి. ఉదంతం

తన పౌరులకు ప్రమాదమని ఒక దేశం నిషేధించిన పురుగుమందును మరో దేశానికి అమ్మవచ్చునా? 1970ల చివరి నుంచి ఈ ప్రశ్న అంతర్జాతీయ వివాదంగా మారింది. దీన్ని డి.బి.సి.పి. అనే ఒక్క మందు చరిత్ర ద్వారా పరిశీలిద్దాం.

అరటి వేర్లను పాడుచేసే నులిపురుగులను చంపడానికి దీన్ని వాడేవారు. డౌ, షెల్ కంపెనీలు అమెరికాలో తయారుచేసి 'ఫ్యూమజోన్', 'నెమగాన్' పేర్లతో అమ్మాయి. కోస్టారికా, నికరాగువా, హోండురాస్ తోటల్లో కూలీలు దీన్ని అరటి మొదళ్ల దగ్గర నేలలోకి ఎక్కించేవారు. ఈ మందు ఎలుకల్లో వృషణాలను కుంచింపజేస్తున్నదని కంపెనీల ప్రయోగాల్లోనే తేలింది. ఆ ఫలితాలు 1961లో ప్రచురితమయ్యాయి కూడా. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. తమను ఎవరూ హెచ్చరించలేదని కూలీలు రెండు దశాబ్దాల తరవాత కోర్టులో చెప్పుకోవలసి వచ్చింది.

1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో, ఈ మందు తయారయ్యే కర్మాగారంలో పనిచేసేవారు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని గమనించారు. పరీక్షలు చేస్తే వీర్యకణాలు తగ్గిపోయాయని, కొందరిలో అసలే లేవని బయటపడింది. కాలిఫోర్నియా వెంటనే వాడకాన్ని నిలిపివేసింది. 1979లో అమెరికా ప్రభుత్వం దాదాపు అన్ని వాడకాలనూ రద్దుచేసింది. (హవాయి అనాస తోటలకు మాత్రం మినహాయింపు!) డౌ సరఫరా ఆపబోతే, అరటి తోటలు నడిపే స్టాండర్డ్ ఫ్రూట్ కంపెనీ ఒప్పందం ప్రకారం మందు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టింది. నష్టపరిహారాల భారం తానే మోస్తానని పూచీ పడ్డాక డౌ మళ్లీ పంపింది. ఇక్కడ కాస్త ఆగండి. కీడు జరిగితే డబ్బు ఎవరు కట్టాలో రెండు కంపెనీలు తేల్చుకున్నాయి. మందు పట్టుకునే మనిషిని ఎవరూ అడగలేదు.

ఎగుమతిని సమర్థించేవారు, లాభనష్టాలు తూచుకునే హక్కు కొనే దేశానిదే అంటారు. ఇది తీసిపారేయదగిన వాదన కాదు. డి.డి.టి. విషయంలో మలేరియా ఉన్న దేశం, లేని దేశం ఒకే లెక్క వేయనక్కరలేదు. అయితే తూచడానికి ముందు సమాచారం చేతిలో ఉండాలి. పైగా కోస్టారికాలో పండిన ఆ అరటిపండ్లు చేరింది అమెరికన్ల భోజనబల్లల మీదికే.

1981 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ ఇలాంటి ఎగుమతులపై ఆంక్షలతో ఉత్తర్వు జారీచేశారు. నెల తిరిగేసరికి రీగన్ దాన్ని రద్దుచేశారు. చివరకు 1998 నాటి రోటర్‌డామ్ ఒప్పందం, జాబితాలోని రసాయనాలకు దిగుమతి చేసుకునే దేశం ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసింది. 2004లో అమలులోకి వచ్చింది. భారతదేశం అందులో సభ్యదేశం. నేడు మనం పురుగుమందులను పెద్దయెత్తున ఎగుమతి చేస్తున్నాం కనుక, ఈ ప్రశ్నను కొనేవారి వైపు నుంచి మాత్రమే చూస్తే చాలదు. ఇంకొక సంగతి: ఆ సమ్మతి ప్రభుత్వానిది, కూలీది కాదు.

మరి కూలీ ఎక్కడికి వెళ్లాలి? కోస్టారికాకు చెందిన 82 మంది కార్మికులు షెల్, డౌలపై టెక్సాస్‌లో దావా వేశారు. విచారణ కోస్టారికాలోనే జరగాలని కంపెనీలు వాదించాయి. షెల్ ప్రధాన కార్యాలయం ఉన్నది మాత్రం టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లోనే. 1990లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. దావా తరవాత రాజీతో ముగిసింది. 1993లో టెక్సాస్ శాసనసభ చట్టాన్ని సవరించి, విదేశీయులు వేసే ఇలాంటి దావాలను తిరస్కరించే వీలు కోర్టులకు కల్పించింది.