సర్వేల్‌లోనే ఎందుకు?

1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా మన గురుకులం నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. మూడూ పల్లెలే. హైదరాబాద్‌లో పెట్టి ఉంటే మనం ఇంకా పైకొచ్చేవాళ్లమని మన మిత్రులు కొందరు అంటుంటారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇంటర్‌కు హైదరాబాద్ వెళ్లి అఫ్జల్‌గంజ్ లైబ్రరీ, కోఠీలో పాత పుస్తకాలు, నాంపల్లి నుమాయిష్ చూశాక, ఇవన్నీ ముందే ఎందుకు దొరకలేదా అని ఉక్రోషం వచ్చింది. తెలుగు మీడియం వాణ్ణి, ఇంగ్లీషు పాఠాలు అందుకోవడానికి ఏడాది పట్టింది.

అయితే అక్కడ సాయంత్రం నాలుగు దాటితే ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం వేరైపోయేవాళ్లం. డబ్బున్నవాళ్లు ట్యూషన్‌కు, మిగతావాళ్లం గదికి. సర్వేల్‌లో నాలుగు దాటాక ఎవరు ఎక్కడికి పోతారు? సార్లూ అక్కడే ఉండేవారు. రాత్రి స్టడీ అవర్‌లో లెక్క రాకపోతే పిలిస్తే పలికేవారు. టీచరు కొడుకైనా, గొర్లు కాసే ఆయన కొడుకైనా అందరికీ అదే పప్పుచారు. (అందులో పప్పు వెతుక్కోవాల్సి వచ్చేది, అది వేరే సంగతి.) ఊరికి దూరంగా ఉండడం వల్లే ఇది సాధ్యమైందని నా లెక్క. ఇంగ్లీషు నేను ఏడాదిలో పట్టుకున్నాను. ట్యూషన్ ఫీజు మాత్రం మా నాన్న ఎన్నేళ్లయినా కట్టగలిగేవాడు కాదు.